ఎవరింటి చీర

రాహుకాలం పోయేదాకా పాడె ఎత్తకూడదన్నారు, సరే, అందాకా ఇది నీ దగ్గర పెట్టుకో అమ్మా అంటూ అనిరుధ్ నా ఒళ్ళో చీర పెట్టి వెళ్ళాడు. నా కొడుకే. ధర చీటీ పీకేశాడు గాని అట్టపెట్టె మీద టీ నగర్ కొట్టు పేరు బంగారు అక్షరాలతో మెరుస్తూనే ఉంది. అరటాకు పచ్చ పట్టు, మామిడిపిందెల అంచు, నేను బతికుండి కట్టుకోవడానికి ఇంత మంచిది వాడు ఏనాడూ కొనలేదు. "నువ్వే కదమ్మా అవ్వకి పుట్టిల్లు, నువ్వు కప్పితే సరి, ఫార్మాలిటీ" అన్నాడు. ఫార్మాలిటీ అట. ఆడది పోతే పుట్టింటి చీర పడందే పాడె లేవదు మాలో, తొంభై దాటినా అంతే, మునిమనవళ్ళు నెయ్యి కాగడాలు పట్టుకొని నిలబడినా అంతే. పోయినావిడ మా అత్త కన్యకమ్మ, మా నాన్నకు సొంత అక్క. తమ్ముడి కూతురు తన ఇంటికే రావాలని పట్టుబట్టి నన్ను తన పెద్దకొడుక్కి చేసుకుంది, అందుకని నేను ఆమెకు కోడలినీ, పుట్టింటి బిడ్డనూ కూడా. ఈ ఇంటి డబ్బుతో కొని, ఈ ఇంటి కోడలి ఒళ్ళో పెట్టి, ఇది పుట్టింటి చీర అంటే అయిపోతుందా? వీళ్ళకు అయిపోతుంది. వ్యాపారస్తులు కదా, ఎక్కడి సరుకైనా సంచి మార్చి అమ్మేస్తారు.

ఐస్ పెట్టె గుర్రుమని కూస్తూ ఉంది. లోపల అత్త మొహం చిన్నదైపోయింది, ముక్కులో దూది పెట్టేసరికి ఏదో మాట అనబోయి ఆగినట్టు ఉంది, ఆగే మనిషేనా ఆమె? అద్దానికి చెమట పడుతోంది, నేను కొంగుతో తుడుస్తున్నాను, మళ్ళీ పడుతోంది. నిన్న సాయంత్రం దాకా ఈ మొహమే తుడిచాను, నోరు తుడిచాను, అడుగు తుడిచాను, అలవాటు చెయ్యి ఊరుకోదు. బయట వాషర్‌మెన్‌పేట్ అంతా మా వాకిట్లోనే ఉంది, షామియానా కింద ప్లాస్టిక్ కుర్చీలు, వచ్చేవాళ్ళు పోయేవాళ్ళు, మేళం వాళ్ళు గడ్డి మంట మీద డప్పులు కాచుకుంటున్నారు, "కల్యాణ చావు సార్, చూసి ఇవ్వండి" అని బేరం ఆడుతున్నారు. నిండు బతుకు బతికిన వాళ్ళ చావు పెళ్ళితో సమానం ఈ ఊళ్ళో. వీధి మొగలో ఫ్లెక్సీ కట్టారు, కన్నీటి అంజలి, అరవ అక్షరాలు, ఎవరి పెళ్ళిలోనో తీసిన ఫోటోలో అత్త నవ్వుతోంది. కింద కొడుకుల పేర్లు, కోడళ్ళ పేర్లు, మనవళ్ళ పేర్లు, వాళ్ళ పిల్లల పేర్లు, మా ఇంగువ కొట్టు పేరు. ఎవరి కూతురో మాత్రం లేదు, ఎవరి అక్కో లేదు. ఆకాశం నుంచి ఊడిపడింది మరి.

అందరూ దేవత అంటున్నారు. వచ్చిన ప్రతివాళ్ళూ పెట్టె మీద చెయ్యి పెట్టి, నా భుజం మీద ఇంకో చెయ్యి పెట్టి, "దేవతమ్మా, దేవత మాదిరి బతికినాది" అంటున్నారు. నేను తల ఊపుతున్నాను. నా బాధేమిటంటే అది అబద్ధం కాదు. నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చిన తుఫాను రోజుల్లో మేడ మీద పొయ్యి పెట్టించి వీధి వీధంతటికీ పొంగలి పంపిందే, ఆ దేవత ఈవిడే. మామ గుండె ఆగి పోయినప్పుడు, ఇద్దరు మగపిల్లలూ బేల మొహాలు వేసుకొని నిలబడితే, తాను గోదాములో పీట వేసుకొని కూర్చుని పాల ఇంగువ ముద్దను వాసన చూసి మంచీ చెడూ చెప్పింది, గోధుమపిండి ఎంత, తుమ్మ జిగురు ఎంత, ఎవరికీ చెప్పకుండా తన చేత్తోనే కలిపింది. ఆ వాసన ఆమెను వదల్లేదు. సబ్బు రుద్దినా, పసుపు రుద్దినా పోదు. నా చిన్నప్పుడు శనివారం శనివారం మా ఇంటికి వచ్చేది, మూడు వీధుల అవతలే మా ఇల్లు, మనిషి గుమ్మం ఎక్కకముందే వాసన వచ్చేది, అత్త వచ్చింది అత్త వచ్చింది అని నేనూ నా చెల్లెలు కోకిలా ఎగురుకుంటూ పోయి చెరో కాలూ చుట్టుకునేవాళ్ళం. నాన్న అరుగు మీద నుంచి లేచి నిలబడేవాడు. ఎవరికీ లేవని మనిషి అక్కకు మాత్రం లేచేవాడు. ప్రతి దీపావళికీ ఎం.సి. రోడ్డులో ఒకే కొట్లో ఆమెకు నూలు చీర కొనేవాడు, పట్టు కొనే తాహతు లేక కాదు, "అక్కకి నూలే ఇష్టం రా" అని. ఆమె ఆ చీరే కట్టుకొని పండగనాడు మా ఇంటికి వచ్చేది. నాకు తెలిసిన ప్రేమ అంతా ఆ వాసనలోనే ఉంది, ఇది ఎవరికి చెప్పుకోను?

పెళ్ళైన కొత్తలో నాకు టైఫాయిడ్ వస్తే నా పక్కనుంచి లేవలేదు అత్త. బార్లీ నీళ్ళు చెంచాతో పోసింది, రాలిపోయిన జుట్టు చూసి తానే ఏడ్చింది. "నా తమ్ముడి బిడ్డకి ఏమన్నా అయితే నేను ఎట్ట బతికేది?" అంది. నా తమ్ముడి బిడ్డ. ఆ మాట అన్న నోరే కదా తరవాత... ఛీ, ఈ ఈగలు ఒకటి. పెట్టె మీద వాలకుండా విసురుతూనే ఉండాలి. మా ఆయన వెంకటాచలపతి ఆ మూల కుర్చీలో కూర్చున్నారు, తెల్ల పంచె, చొక్కా లేదు, నేల చూస్తున్నారు. నేల అంటే ఆయనకు అంత ఇష్టం. ఏ గొడవ వచ్చినా అక్కడే చూసేవారు. మరిది అచ్యుతరామయ్య మాత్రం ఫోనులో గోల గోలగా ఉన్నాడు, పూల బండి, వ్యాను, శ్మశానంలో చీటీ, అన్నీ వాడే. వాడికే కోకిలను అనుకున్నారు. ఉయ్యాలలోనే అనుకున్నారు. నేను పెద్దవాడికి, నా చెల్లెలు చిన్నవాడికి, అక్కా తమ్ముళ్ళ ఇళ్ళు రెండుసార్లు ముడిపడితే ఇక విడదీసేవాళ్ళు ఉండరని అత్త లెక్క. కోకిలను ఎవరూ అడగలేదు, నన్ను మాత్రం అడిగారా ఏం?

అది టైపు నేర్చుకుంది. అంబత్తూరులో ఒక ఫ్యాక్టరీ ఆఫీసులో చేరింది, పొద్దున్నే రైలెక్కి పోయేది, వచ్చేటప్పటికి మల్లెపూలు వాడిపోయి ఉండేవి గాని మొహం వాడేది కాదు. అప్పుడే తెలుసుకోవాల్సింది. విజయకుమార్ అక్కడ లేత్ మెషీన్ల సూపర్‌వైజరు, అరవాయన, మన కులం కాదు, మన తిండి కాదు. రిజిస్టరు పెళ్ళి చేసుకొని ఇద్దరూ దండలతో నేరుగా నాన్న దగ్గరికి వచ్చారు. నాన్న ఏం చేశాడు? తిట్టాలి కదా, తలుపు వెయ్యాలి కదా, ఊళ్ళో నలుగురు తండ్రులు చేసేది చెయ్యాలి కదా. అరిటాకు వేసి భోజనం పెట్టాడు. అదే నేరం. పెళ్ళి చేసుకున్నందుకు కోకిల మీద అత్తకు వచ్చిన కోపం రెండు రోజుల్లో చల్లారేదేమో, అన్నం పెట్టినందుకు తమ్ముడి మీద వచ్చింది చూడు, అది ఒంటికాలి మీద లేచిన కోపం. "నా బిడ్డ మొహాన బూడిద కొట్టి, వాడెవడికో విస్తరేసినావు, తిరువేంగడం. నాకు పుట్టిల్లు లే. ఈ పొద్దుతో పాయె" అని వీధి వినేలా అరిచి, మూడు వీధులూ నడిచి వచ్చింది.

ఇంటికి వచ్చి పెరట్లో పంపు కొట్టించింది. చావు కబురు విన్నట్టు చీరతోనే కూర్చుని తలకి పోసుకుంది. చన్నీళ్ళు. మార్గశిరం. నేను తువ్వాలు పట్టుకొని నిలబడ్డాను, ఆమె తడి జుట్టుతో నా వైపు చూసింది, "నువ్వూ కూర్చో" అంది. నాకు అర్థం కాలేదు, నిజంగా అర్థం కాలేదు. "ఎందుకత్తా?" అన్నాను. "నీళ్ళు వదిలేసినాను. ఈ ఇంట్లో ఉండే ఆడదానివైతే నువ్వూ వదిలెయ్" అంది. "నాన్న బతికే ఉండాడు కదత్తా" అన్నాను. ఆ మాట అంటుంటే నా గొంతు నాకే చిన్నపిల్ల గొంతులా వినిపించింది. "నాకు లే. నాకు లేనోడు నీకెట్ట ఉంటాడు?" అంది. నేను వసారాలోకి చూశాను, మా ఆయన పేపరు పట్టుకొని నేల చూస్తున్నారు. అనిరుధ్ కడుపులో ఉన్నాడు నాకు అప్పుడు, ఎక్కడికి పోను? కూర్చున్నాను. తన చేత్తోనే పోసింది, చెంబు మీద చెంబు. మూడు వీధుల అవతల నాన్న ఆ వేళకి అరుగు మీద కూర్చుని వక్కాకు వేసుకుంటూ ఉంటాడు, నేను ఇక్కడ ఆయన చచ్చిపోయినట్టు తడుస్తున్నాను. ఏడుస్తుంటే నోట్లోకి నీళ్ళు పోయాయి. అంతా అయ్యాక ఏం చేసిందో తెలుసా ఈ దేవత? నన్ను లోపలికి తీసుకుపోయి, తల తుడిచి, కుంపటిలో సాంబ్రాణి వేసి, పాయ పాయ విడదీసి పొగ పట్టింది. "కడుపుతో ఉండేదానివి, జలుబు చేస్తాది" అంది. జుట్టులో ఆ వేళ్ళు, ఇంగువ వాసన, సాంబ్రాణి వాసన. రాక్షసి అయితే తిట్టుకొని బతికేదాన్ని. ఆ పొగ పట్టడం ఉంది చూడు, అది నన్ను తిట్టుకోనివ్వలేదు కూడా.

అందరికీ అది మామూలైపోయింది. నాన్న వీధిలో ఎదురొస్తే అత్త పక్క సందులోకి తిరిగేది. నేను గుడి దగ్గర దొంగచాటుగా అమ్మను చూసేదాన్ని, దొంగతనం చేసినట్టు కొంగు కప్పుకొని. తరవాత నాన్న పోయాడు. ఎవరూ చెప్పలేదు నాకు, డప్పు చెప్పింది. మూలకొత్తలం శ్మశానానికి పోవాలంటే మా వీధి మీదుగానే పోవాలి. వంటింట్లో ఉన్నాను, మేళం దగ్గరవుతోంది, పని మనిషి నా మొహం చూసి కళ్ళు దించుకుంది, అంతే, అర్థమైంది. పరిగెత్తాను. వీధి తలుపుకు గడియ పెట్టి, దానికి వీపు ఆనించి నిలబడి ఉంది అత్త. "మనం ఎప్పుడో పోసుకున్నాం" అంది. నేను కాళ్ళు పట్టుకున్నాను, చిన్నప్పుడు చుట్టుకున్న కాళ్ళే. పాడె మా వాకిట్లో ఆగింది. అక్క గుమ్మం కదా, ఆపారు. డప్పు ఆపారు. ఎవరో తలుపు తట్టారు, ఒకసారి, మళ్ళీ ఒకసారి. ఆ తట్టడం అత్త వీపుకి తగిలి ఉంటుంది, తలుపు పలచనిదే. కదల్లేదు. తరవాత డప్పు మళ్ళీ మొదలైంది, దూరమైంది. ఆ పూట ఆమె అన్నం తినలేదు, "ఆకలి లే" అంది. తినకపోతే నాకేమిటి? తలుపు తీసి ఉంటే సరిపోయేది, అన్నం ఎవరికి కావాలి?

అమ్మ కోకిల దగ్గరికి అంబత్తూరు వెళ్ళిపోయి అక్కడే పోయింది. ఇల్లు చేతులు మారింది, ఇప్పుడు అక్కడ మొబైల్ కొట్టు. మా నాన్న పేరు ఈ ఇంట్లో ఎవరి నోటా రాలేదు, నా కొడుక్కి తాత పేరు తెలియదు, ఉగాదికి పెద్దలకు పెట్టేటప్పుడు కూడా వాడి చెవిన పడలేదు. అత్త నోట్లోనే మళ్ళీ వచ్చింది, ఈ మధ్య రెండేళ్ళలో, మతి తప్పాక. సాయంత్రం అయ్యేసరికి వాకిలి వైపు చూస్తూ, "తిరువేంగడం వచ్చినాడా? అన్నం పెట్టు, ఎండలో వచ్చినాడు" అనేది. "నన్ను మా ఇంటికి తీసుకొని పో జానకీ, తమ్ముడు చూస్తా ఉంటాడు" అని నా చెయ్యి పట్టుకొని బతిమాలేది. అచ్యుతరామయ్య పక్కన ఉంటే, "పిచ్చి మాటలు, తల ఊపి వదిలెయ్ వదినా" అనేవాడు. తల ఊపాను. తడి చీర మారుస్తూ, అన్నం మెత్తగా పిసికి పెడుతూ తల ఊపాను. చేసినదంతా ఆమె హాయిగా మరిచిపోయింది. మతిమరుపు నాకు రాలేదే, నాకు రావాల్సింది కదా.

అందుకే ఈ పట్టు చీర నా ఒళ్ళో నిప్పులా ఉంది. ఇంకాసేపట్లో అయ్యవారు అందరి ముందూ అడుగుతారు, పుట్టింటి చీర ఎవరింటిది అని. ఇంటి పెద్ద పేరు గట్టిగా చెప్పి కప్పాలి. వీళ్ళు కొన్న ఈ పట్టు కప్పుతూ నేను తిరువేంగడం ఇంటిది అని చెప్పాలన్నమాట. ఆయన ఇవ్వనిదాన్ని ఆయన ఇచ్చాడని, ఆయన పేరు మీద దొంగ సరుకు. బతికున్నప్పుడు నాన్నకు నీళ్ళు వదిలించిన ఇంటికి, ఇప్పుడు పాడె లేవడానికి మాత్రం నాన్న పేరు కావాలి. పొద్దున్నే కోకిలకు ఫోన్ చేశాను. "అత్త పోయింది" అన్నాను. అవతల మిక్సీ చప్పుడు, ఆగింది. "పుట్టింటి చీర కావాలి. ఈ ఇంటి చీరతో నేను నాన్న పేరు చెప్పలేను. తెస్తావా?" అన్నాను. "చూస్తా" అని పెట్టేసింది. చూస్తా అంటే ఏమిటి? అంబత్తూరు నుంచి రావడానికి ఇంతసేపా? రాదు. ఎందుకు రావాలి? పిలవని పేరంటానికి నలభై ఏళ్ళు రానిది, ఈ చావుకి వస్తుందా? వస్తే వీళ్ళు ఊరుకుంటారా? అద్దం మీద చెమట. తుడిచాను. అత్తా, ఒక్కసారి కళ్ళు తెరిచి నువ్వే చెప్పు, ఎవరింటి చీర కావాలో.

"అమ్మా, టైమ్ ఆచ్చు" అన్నాడు అనిరుధ్. రాహుకాలం పోయింది. పెట్టె మూత తీశారు, చల్లగాలి నా మొహానికి కొట్టింది, అందులో కూడా ఆ వాసన ఉంది, నాకే వచ్చిందో అందరికీ వచ్చిందో తెలియదు. అయ్యవారు "పుట్టింటి వాళ్ళు రండి" అన్నారు. "లెయ్ వదినా" అన్నాడు అచ్యుతరామయ్య. లేవలేదు నేను. వాకిట్లోకి చూస్తున్నాను, షామియానా గుంజ పక్కన ఎవరో ముసలావిడ, తెల్లజుట్టు, చేతిలో పసుపు గుడ్డసంచి, చెప్పులు విప్పకుండా నిలబడి ఉంది. మా నాన్న నిలబడినట్టే, ఒక భుజం కొంచెం వంచి. లేచాను. పట్టుచీర అట్టపెట్టెతో సహా నేల మీద పడింది, అనిరుధ్ అయ్యయ్యో అన్నాడు.

"లోపలికి రా" అన్నాను. కోకిల తల అడ్డంగా ఊపింది. "ఈడ చాలు. తీసుకో" అని సంచి నా చేతిలో పెట్టింది. నూలు చీర, గోరింటాకు రంగు, సన్న అంచు. "ఎం.సి. రోడ్డులో నాన్న కొనే కొట్టు ఇంకా ఉండాది అక్కా. కొడుకులు నడుపుతా ఉండారు" అంది. అందుకా ఇంతసేపు.

అచ్యుతరామయ్య వెనకాలే వచ్చాడు. వాళ్ళిద్దరూ ఒకరినొకరు చూసుకొని ఎన్నేళ్ళయిందో, వాడి మొహం ఎర్రబడింది. "ఈమెని ఎవరు పిలిచినారు? అమ్మ ఉంటే ఒప్పుకొనుండునా?" అన్నాడు.

"నేను పిలిచినా. ఆ పట్టు మీ ఇంటిది, అచ్యుతా. మీది మీరు కప్పుకోండి, వద్దన్లేదు. పుట్టింటిది ఇది" అన్నాను. వాడు అన్న వైపు చూశాడు, నేనూ చూశాను, ఒక్కసారైనా తల ఎత్తుతారేమోనని. ఆయన నేల చూస్తున్నారు. అయ్యవారు గొంతు సవరించుకొని, "పుట్టింటి చీర ఎవరింటిదమ్మా?" అన్నారు.

"తిరువేంగడం ఇంటిది" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. మళ్ళీ చెప్పాను, వీధి చివర ఉన్నవాళ్ళకి కూడా వినబడాలని చెప్పాను, "కన్యకమ్మ తమ్ముడు తిరువేంగడం ఇంటిది. ఆయన చిన్న కూతురు కోకిల, చిన్నల్లుడు విజయకుమార్ తెచ్చింది." మడత విప్పి మెడ దాకా కప్పాను. ఇప్పుడు వద్దనడానికి అత్తకు నోరు లేదు, తలుపుకి ఆనించడానికి వీపు లేదు. కప్పి, అంచు సర్దుతుంటే ఆమె చెయ్యి తగిలింది, గట్టిగా, చల్లగా. అప్పుడు వచ్చింది నాకు ఏడుపు. "అత్తా" అని అరిచాను, అందరూ కోడలు ఏడుస్తోందనుకున్నారు.

డప్పులు లేచాయి, బొరుగులూ పూలూ చల్లుకుంటూ తీసుకుపోయారు, పిల్లలు కాగడాలు పట్టుకొని వెలుగులోనే వెలుగు చూపించారు. కల్యాణ చావు కదా, మూడు వీధులూ చుట్టి మొబైల్ కొట్టు ముందు నుంచే పోతారు, అక్కడ ఎవరూ ఆపరు. వీధి మొగ దాటి ఆడవాళ్ళు పోకూడదు. మేమిద్దరం ఫ్లెక్సీ కింద నిలబడిపోయాం. "ఇంటికి రా, తలకి పోసుకుందువు" అన్నాను.

"పోసుకుంటా. మా ఇంట్లో పోసుకుంటా" అంది కోకిల.

"అంబత్తూరు దాకా ఇట్టనే పోతావా?"

"పోతా."

"మరి చీర ఎందుకు తెచ్చినావే?"

అది సంచి మడిచి చంకలో పెట్టుకుంది. "నాన్న ఉంటే తెచ్చుండడా అక్కా. ఆయన అక్క కదా" అని, వచ్చిన ఆటోని పిలిచి ఎక్కి వెళ్ళిపోయింది. నేను ఇంటికి వచ్చి పెరట్లో కూర్చుని, చీరతోనే, చన్నీళ్ళు తలకి పోసుకున్నాను. మగవాళ్ళు ఇంకా రాలేదు, నా కోడలు హాలు కడిగిస్తోంది. కుంపటి ఎక్కడుందో, సాంబ్రాణి ఎక్కడుందో ఈ ఇంట్లో ఇప్పుడు ఎవరికీ తెలియదు. తడి జుట్టుతోనే కూర్చున్నాను.